తెల్లారేదాకా ఆగొచ్చా?

కాకినాడ దగ్గరి ఉప్పాడ నుంచి వేటకు బయల్దేరే మత్స్యకారుడికి ఫోను ఇప్పటికే ఒక మేలు చేస్తోంది. హైదరాబాదులో 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ, ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు వేడినీ నీటి పచ్చదనాన్నీ బట్టి చేపలు గుమిగూడే చోటును అంచనా కడుతుంది. ఫలానా రేవు నుంచి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్ల దూరాన, ఎంత లోతులో వల వేయాలో తెలుగులో చెబుతుంది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ క్వాల్‌కామ్ సాయంతో తెచ్చిన ‘ఫిషర్ ఫ్రెండ్’ యాప్ ఈ సమాచారానికి గాలి వేగం, అల ఎత్తు, తుఫాను హెచ్చరికలు కలిపి అందిస్తుంది. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. వేటకు వెళ్ళినవాళ్ళలో చాలామంది ఇళ్ళకు తిరిగి రాలేదు. అలాంటి తీరంలో ఈ సమాచారం ఎందుకని అడిగేవారు ఉండరు. ఆ యాప్ మనిషిని ప్రశ్నలతో వేధించదు. తెరవగానే గాలి ఇంత, అల ఇంత, వెళ్ళొచ్చు లేదా వెళ్ళొద్దు అని చెబుతుంది. జబ్బు లక్షణాలు గమనించే యాప్‌లు చాలావరకు దీనికి తలకిందులుగా ఉంటాయి. అవి రోజూ అడుగుతూనే ఉంటాయి. నిద్ర పట్టిందా, నొప్పి ఎంత, ఆయాసం ఉందా, మందు వేసుకున్నారా? చెప్పిందంతా రాసుకుని ఒక గీత గీసి చూపిస్తాయి. ఆ గీత పైకి వెళ్తుంటే ఏం చేయాలో మాత్రం చెప్పవు.

బీపీ, షుగరు, ఉబ్బసం, గుండెజబ్బు, క్యాన్సరు, మానసిక వ్యాకులత వంటి దీర్ఘకాలిక జబ్బులున్న వారికోసం ఇలాంటి యాప్‌లు వేల సంఖ్యలో వచ్చాయి. వాటిని ఎంతకాలం వాడుతున్నారని చూస్తే జనం అభిప్రాయం తెలిసిపోతుంది. దీర్ఘకాలిక జబ్బుల యాప్‌ల మీద జరిగిన 17 అధ్యయనాలను 2020లో ఒకచోట చేర్చి లెక్కిస్తే, మధ్యలోనే వదిలేసినవారు సగటున 43 శాతం తేలారు. అది కూడా పరిశోధకులు వెంటబడి పలకరిస్తున్న అధ్యయనాల్లోని మాట. ఎవరి పలకరింపూ లేకుండా జనం తమంతట తాము దింపుకున్న 93 మానసిక ఆరోగ్య యాప్‌ల వాడకాన్ని 2019లో పరిశీలించగా, సగటు యాప్‌ను నెల రోజుల తర్వాత కూడా తెరుస్తున్నవారు నూటికి ముగ్గురు, నలుగురే మిగిలారు. జనానికి శ్రద్ధ లేదనీ, చదువు లేదనీ దీనికి కారణం చెప్పడం పరిపాటి. ఆ మాట నేను ఒప్పుకోను. శ్రద్ధ లేనివాడు యాప్ దింపుకోనే దింపుకోడు. దింపుకుని, నాలుగు రోజులు నింపి, తాను చెప్పింది ఎవరికీ చేరడం లేదని గ్రహించాకే మానేస్తున్నాడు. ఒంట్లో బాగోలేని మనిషికి తన జబ్బు లెక్కల పుస్తకం అక్కర్లేదు. ఒక ప్రశ్నకు జవాబు కావాలి. ఇది ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళాల్సిన సంగతా, తెల్లారేదాకా ఆగొచ్చా? ఆ జవాబు చెప్పే మనిషి అవతల లేకపోతే ఎంత మంచి యాప్ అయినా నిలవదు. ఇప్పటిదాకా వచ్చిన ఆధారాలన్నీ చూస్తే నాకు తేలింది ఇదే.

జవాబు సంగతి తర్వాత, ముందు ప్రశ్నే మనిషికి అందాలి. మన చేతికొచ్చే ఆరోగ్య యాప్‌లలో చాలావాటి తెలుగు, అనువాదపు తెలుగు. ‘శ్వాస తీసుకోవడంలో ఇబ్బంది’ అని అడుగుతాయి, మనిషి అనేది ఆయాసం. ‘వికారం’ అంటాయి, మనిషికి కడుపులో తిప్పుతుంది. ‘నొప్పి తీవ్రతను సున్నా నుంచి పది వరకు సూచించండి’ అంటాయి. నొప్పిని అంకెల్లో చెప్పడం ఈ నేల అలవాటు కాదు. నొప్పి రకాన్ని చెప్పడం అలవాటు. పోటు వేరు, సలపరం వేరు. కాళ్ళు పీకడం వేరు, లాగడం వేరు, తిమ్మిరెక్కడం వేరు. నడుం పట్టేస్తుంది, కీలు జివ్వుమంటుంది, కళ్ళు మంటెత్తుతాయి. ఇవన్నీ వైద్యుడికి పనికొచ్చే తేడాలు. నరానికి సంబంధించిన నొప్పినీ కండరానికి సంబంధించిన నొప్పినీ విడదీసే మాటలు మన వాడుకలో సిద్ధంగా ఉండగా, వాటిని పక్కనబెట్టి ‘ఏడు’ అని నొక్కించుకుంటే మిగిలే సమాచారం తక్కువ. దీనికంటే ప్రమాదకరమైన ఉదాహరణ మరొకటుంది. గుండె దగ్గర బరువుగా ఉండి చెమటలు పడుతుంటే మన ఊళ్ళలో వెంటనే వచ్చే మాట ‘గ్యాస్ పట్టింది’. ‘ఛాతీలో నొప్పి ఉందా?’ అని యాప్ అడిగితే ఆ మనిషి నిజాయతీగానే ‘లేదు’ నొక్కుతాడు. తనకున్నది గ్యాస్ కదా! గోళీసోడా తాగి, గ్యాస్ మాత్ర వేసుకుని పడుకుంటాడు. అక్కడ యాప్ అడగాల్సింది వేరే: గ్యాస్ పట్టినట్టుందా, ఆ పట్టింది ఎడమ చేతిలోకో దవడలోకో లాగుతోందా, చెమటలు పోస్తున్నాయా? ఈ మూడు ముక్కలు జనం మాటల్లో అడగగలిగితే ఒక ప్రాణం నిలబడొచ్చు. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాల కారణాలను ఆరా తీసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు మూడోవంతు చావులు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది. అంటే ఇది మన డెల్టా పల్లెల్లో ఇరవై ఏళ్ళ కిందటే అన్నిటికంటే పెద్ద జబ్బుగా ఉంది. దాన్ని ‘గ్యాస్’ అనే మాట వెనక దాగనివ్వడం యాప్ రాసినవారి తప్పు, వాడేవారిది కాదు.

ప్రశ్న అర్థమయ్యాక, దానికి జవాబు నింపే తీరిక ఎక్కడిదన్నది వస్తుంది. ఉప్పాడ నేతగాళ్ళనే చూడండి. ఇక్కడి జామ్దానీ చీరల నేత 2009లో భౌగోళిక గుర్తింపు పొందింది. ఆ చీర నేసేటప్పుడు గుంట మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. కాళ్ళు గుంటలో, నడుం ముందుకు వంగి, చూపు పడుగు మీద. బుటా వచ్చిన ప్రతిచోటా విడి పోగును చేత్తో పొదగాలి. పనితనాన్ని బట్టి ఒక్క చీరకు వారాలు, కొన్నిటికి నెలలు పడతాయి. మెడ, నడుం, మోకాళ్ళు, కళ్ళు అరిగిపోయే పని ఇది, కాబట్టి లక్షణాలు గమనించుకోవాల్సిన అవసరం వీరికి చాలా ఉంది. అయితే పోగు మధ్యలో చెయ్యి తీసి ఇరవై ప్రశ్నలకు బటన్లు నొక్కమంటే పని నిలిచిపోతుంది, పక్కన కూర్చున్న మనిషి పని కూడా నిలిచిపోతుంది. క్షయ చికిత్సలో మన దేశం చేసిన ప్రయోగం ఈ విషయంలో మంచి పాఠం. 99డాట్స్ పద్ధతిలో మాత్రల అట్ట వెనక ఒక ఫోన్ నంబరు దాచి ఉంటుంది. మాత్ర బయటికి తీస్తే నంబరు కనబడుతుంది, దానికి ఉచితంగా కాల్ చేస్తే ఆ రోజు మందు వేసుకున్నట్టు నమోదవుతుంది. మామూలు బటన్ ఫోను చాలు, చదువు అక్కర్లేదు. ఆలోచన చక్కటిది. అయినా ముందుగా చెప్పకుండా ఇళ్ళకు వెళ్ళి మూత్రపరీక్ష చేసి చూస్తే, మందు వేసుకుని కూడా కాల్ చేయనివారు చాలామంది ఉన్నారని తేలింది. ఒక్క కాల్‌నే రోజూ చేయలేని మనిషి ఇరవై ప్రశ్నలు నింపుతాడని ఎలా అనుకుంటాం? రోజూ అడగడం మానేసి, ఒంట్లో తేడా వచ్చిన రోజున మనిషే పలికేలా, పలికితే ఒక్క వాయిస్ మెసేజ్‌తో పని ముగిసేలా ఉండాలి. అధిక రక్తపోటు అదుపు కోసం తెలంగాణతో సహా అయిదు రాష్ట్రాల్లో 2017లో మొదలైన కార్యక్రమంలో వాడిన ‘సింపుల్’ యాప్‌లో రాసే పని రోగిది కాదు, నర్సుది. అదీ అర నిమిషంలోపు పని. అలాంటి పొదుపు రోగి చేతిలోని యాప్‌లలో అరుదు.

ఇక అసలు జవాబు దగ్గరికి వద్దాం. దీనికి అన్నిటికంటే విలువైన సాక్ష్యం మన గోదావరి జిల్లాల్లోనే ఉంది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాల్లో ‘స్మార్ట్ హెల్త్’ పేరుతో పెద్ద పరీక్ష నడిపింది. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్లు ఇచ్చారు. నలభై ఏళ్ళు దాటినవారి ఇంటికి వెళ్ళి బీపీ చూసి, వివరాలు ఎక్కిస్తే, గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎవరికి ఎక్కువో యాప్ లెక్కగట్టి చెబుతుంది. అలాంటివారిని ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి పంపాలి. ఆయన చేతిలోని ట్యాబ్లెట్ ఏ మందు రాయాలో సూచిస్తుంది. ఆశాలు ఈ పనిని చక్కగా పట్టుకున్నారు. ఇల్లిల్లూ తిరిగి ముప్పున్నవారిని గుర్తించారు, మళ్ళీ మళ్ళీ వెళ్ళి పలకరించారు. 2019లో ఫలితాలు వెలువడినప్పుడు మాత్రం, బీపీ అదుపులోకి వచ్చినవారి శాతంలో యాప్ ఉన్న ఊళ్ళకూ లేని ఊళ్ళకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గుర్తించడం వరకు యంత్రం, ఆశా కలిసి చేశారు. ఆ తర్వాత డాక్టరు ఉండాలి, మందు ఉండాలి, అది నెల నెలా ఆగకుండా అందాలి. ఆ దారి ఇరుకుగానే ఉంటే ఇవతల ఎంతమందిని వరుసలో నిలబెట్టినా అవతలికి దాటేవారు పెరగరు. ఈ పరీక్ష విఫలమైందని నేను అనను. యాప్ పని ఎక్కడిదాకా, ఆసుపత్రి పని ఎక్కడి నుంచి అన్న గీత మన ఊళ్ళలోనే, మన జనం మీదే గీసి చూపించింది. ప్రభుత్వాలు కొత్త యాప్ ప్రకటించే ముందు చదవాల్సిన మొదటి అధ్యయనం ఇదే.

దీని పక్కనే న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ క్యాన్సరు ఆసుపత్రిలో జరిగిన పరీక్షను పెట్టి చూడాలి. ఒంట్లో పాకిన క్యాన్సరుకు కీమోథెరపీ తీసుకుంటున్న 766 మందిని రెండు వర్గాలు చేశారు. ఒక వర్గం వాంతులు, నొప్పి, ఆయాసం, నీరసం వంటి లక్షణాలను తామే కంప్యూటర్లో నమోదు చేసేది. ఏదైనా లక్షణం ముదిరితే వెంటనే నర్సుకు హెచ్చరిక వెళ్ళేది. ఆ హెచ్చరికల్లో నాలుగింట మూడు వంతులకు పైగా నర్సులు ఏదో ఒకటి చేశారు. ఫోన్ చేశారు, మందు మార్పించారు, రమ్మన్నారు. 2017లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మామూలు పద్ధతిలో చూసినవారిలో సగం మంది 26 నెలలకు మించి బతికితే, లక్షణాలు చెప్పుకున్న వర్గంలో సగం మంది 31.2 నెలలకు మించి బతికారు. అయిదు నెలల ఆయుష్షు పెంచే కొత్త మందు వస్తే ప్రపంచమంతా పండగ చేసుకుంటుంది. ఇక్కడ ఆ పని చేసింది, చెప్పుకోవడానికి ఒక చోటు, విని కదిలే ఒక నర్సు. ఇంకో సంగతి మరీ ముఖ్యం. కంప్యూటరు అలవాటు లేనివారికి ఈ పద్ధతి వల్ల కలిగిన మేలు, అలవాటున్నవారికంటే ఎక్కువే కనబడింది. చదువు తక్కువవాళ్ళకు ఇవి పనికిరావని తేల్చేసేవారు దీన్ని గమనించాలి. గోదావరి పరీక్షలోనూ న్యూయార్క్ పరీక్షలోనూ యంత్రం తన పని తాను చేసింది. తేడా తెచ్చింది దాని వెనక పలికే ఏర్పాటే.

మన ఊళ్ళలో అలా పలికేది ఎవరో అందరికీ తెలుసు. రాత్రి పదింటికి పిల్లకు జ్వరం కాస్తే ఫోన్ వెళ్ళేది ఆర్‌ఎంపీ డాక్టరుకే. ఆయనకు డిగ్రీ లేదని జనానికి తెలియక కాదు. ఫోన్ ఎత్తుతాడు, ‘తీసుకురండి’ అనో ‘తడిగుడ్డ వేయండి, పొద్దున చూద్దాం’ అనో ఒక మాట చెబుతాడు. ఆయన ఇచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్ల వల్ల, అక్కర్లేని యాంటీబయాటిక్స్ వల్ల జరిగే హాని నిజమే, దాన్ని తక్కువ చేసి చెప్పను. అయినా యాప్‌కు అసలు పోటీ మరో యాప్ కాదు, ఆయనే. ఆయన దగ్గర జనానికి దొరుకుతున్నది ఏమిటో గ్రహించకుండా యాప్ చేస్తే అది ఫోన్‌లో చోటు ఆక్రమించడం వరకే. ప్రభుత్వ వైపున కూడా మనకు మంచి ఉదాహరణలున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వచ్చిన 104 నంబరు, లక్షణం చెబితే సలహా ఇచ్చే ఫోన్ సేవ. యాప్ అన్న మాట ఇంకా జనంలోకి రాకముందే తెలుగువాళ్ళు ఫోన్‌లో లక్షణాలు చెప్పుకోవడం నేర్చుకున్నారు. కోవిడ్ కాలంలో మంచం కోసం, పరీక్ష కోసం రాష్ట్రమంతా పట్టుకున్న నంబరు కూడా అదే. ఇక తెర మీద డాక్టరుతో మాట్లాడించే ఈ-సంజీవని. 2023 ఫిబ్రవరి నాటికి దేశంలో ఈ పద్ధతిలో డాక్టరును సంప్రదించినవారి లెక్క 10 కోట్లు దాటితే, అందులో 3 కోట్లకు పైగా ఆంధ్రప్రదేశ్‌వే, దేశంలో అన్ని రాష్ట్రాలకంటే ఎక్కువ. కారణం వెతకనక్కర్లేదు. ఎక్కువమందికి ఆ యాప్ తెరుచుకున్నది తమ ఫోన్‌లో కాదు, ఊళ్ళోని క్లినిక్‌లో. పక్కన ఆరోగ్య కార్యకర్త కూర్చుని, బీపీ చూసి, అవతలి డాక్టరుకు విషయం చెప్పి, రాసిన మందు చేతిలో పెట్టింది. జనం యాప్‌లకు దూరమన్న మాట ఇక్కడ నిలబడదు.

ఇప్పుడు వచ్చే గట్టి అభ్యంతరం కృత్రిమ మేధది. తెలుగులో అడిగితే తెలుగులోనే, గొంతుతో అడిగితే గొంతుతోనే జవాబిచ్చే చాట్‌బాట్లు వచ్చేశాయి, ఇక అవతల మనిషి ఎందుకు అంటారు. భాష విషయంలో ఇది నిజమైన మేలు. పైన చెప్పిన ‘గ్యాస్’ మాటను ఒక మంచి చాట్‌బాట్ పాత యాప్‌లకంటే బాగా పట్టుకోగలదు. కానీ జబ్బు పేరు చెప్పడం వేరు, ఆ మాటకు బాధ్యత వహించడం వేరు. 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన పరిశీలనలో 23 లక్షణ పరీక్ష సాధనాలు సరైన జబ్బును మొదటి పేరుగా చెప్పింది 34 శాతం సందర్భాల్లోనే. అత్యవసరమైనవాటిని 80 శాతం సరిగ్గా పట్టుకున్నా, ఇంట్లో ఉంటే చాలన్నవాటిలో మూడింట రెండింటికి అక్కర్లేకుండా డాక్టరు దగ్గరికి పొమ్మన్నాయి. అప్పటికీ ఇప్పటికీ యంత్రాలు చాలా మెరుగుపడ్డాయి, ఆ అంకెలనే ఇవాళ్టికి అంటగట్టడం న్యాయం కాదు. మారనిది దండగ ప్రయాణపు ఖర్చు. ఉప్పాడ నుంచి కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళిరావడమంటే రోజు కూలి పోవడం, తోడు వెళ్ళినవారి కూలి పోవడం, బీచ్ రోడ్డు కోతకు గురైన రోజుల్లో చుట్టు తిరిగి వెళ్ళడం. ‘ఎందుకైనా మంచిది, ఆసుపత్రికి వెళ్ళండి’ అన్న జవాబు యంత్రానికి భద్రంగా ఉంటుంది, మనిషికి భారంగా ఉంటుంది. రెండుసార్లు ఊరికే తిప్పితే మూడోసారి నిజంగా గుండెపోటు వచ్చినా వినడు. చాట్‌బాట్ నర్సుకు సాయపడనీ, ముందుగా వివరాలు తీసుకోనీ. ‘రండి’ అనీ ‘ఆగండి’ అనీ చెప్పే మాట మాత్రం రేపు మళ్ళీ ముఖం చూడాల్సిన మనిషి నుంచి రావాలి.

మరో వాదం ఉంది. ఎవరికీ వెంటనే జవాబు రాకపోయినా, లక్షలమంది లక్షణాలు చెబితే సమాజానికి మేలు కదా అంటారు. మేలే. బ్రిటన్‌లో 2020 మార్చిలో వచ్చిన కోవిడ్ లక్షణాల యాప్‌లో జనం చెప్పిన వివరాల నుంచే వాసన తెలియకపోవడం కోవిడ్ గుర్తని లెక్కలతో సహా రుజువైంది. మన ఉద్దానంలో అంతుచిక్కని కిడ్నీ జబ్బు మీద ఇలాంటి ఓపికైన నమోదు ఏళ్ళ కిందటే జరిగి ఉంటే ఎంత బాగుండేదో! అయితే బ్రిటన్ జనం ఆ వివరాలు ఇష్టపడి ఇచ్చారు, తమ ప్రాంతంలో జబ్బు ఎంత ఉందో ఆ యాప్ వారికి తిరిగి చెప్పింది. మన ఆరోగ్యసేతు 2020 ఏప్రిల్ 2న మొదలై నెలన్నరలోపే 10 కోట్ల మందికి చేరింది. ఉద్యోగులకు తప్పనిసరి చేయడంతో చాలామందిలో అనుమానం మిగిలింది. అదే కార్యక్రమంలో బటన్ ఫోన్లవారి కోసం పెట్టిన 1921 మిస్డ్ కాల్ ఏర్పాటు మంచి ఆలోచన. మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోన్ వచ్చి లక్షణాలు అడిగేది. దాన్ని కోవిడ్‌తోనే మరిచిపోకుండా ఉండాల్సింది.

గోప్యత అనగానే మనం విదేశీ కంపెనీలను తలుచుకుంటాం. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం చూసుకోవాల్సిన సంగతి అది. ఆడవాళ్ళకు గోప్యత సమస్య ఇంట్లోనే మొదలవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడిన ఆడవాళ్ళు 21 శాతం, మగవాళ్ళు దాదాపు 49 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, కానీ చాలా ఇళ్ళలో స్మార్ట్‌ఫోను ఒక్కటే. అది కొడుకు చేతిలోనో భర్త చేతిలోనో ఉంటుంది. తెల్లబట్ట అవుతోందనో, నెల తప్పిందనో ఆ ఫోన్‌లో నమోదు చేయమంటే ఏ ఇల్లాలూ చేయదు. ఆశాతో గుమ్మం దగ్గర నిలబడి గొంతు తగ్గించి చెబుతుంది. ఆ చెప్పుకోవడాన్ని యాప్‌లోకి మళ్ళించాలని చూడకూడదు. ఆశాకు దాన్ని డాక్టరుదాకా చేర్చే తేలికైన దారి ఇవ్వాలి, ఒక్కో కార్యక్రమానికి ఒక్కో యాప్ పెట్టి ఆమె పూటంతా ఫొటోలు ఎక్కించడానికే సరిపోయేలా చేయడం మానాలి. యాప్‌ల భారం తగ్గించమని ఆశా, అంగన్‌వాడీ సంఘాలు ఏళ్ళుగా అడుగుతున్నది న్యాయమైన కోరిక. రోగి కోసం తెచ్చిన యాప్ ఆమె సమయాన్నే తినేస్తే, జవాబు చెప్పాల్సిన మనిషిని మనమే నోరెత్తకుండా చేసినట్టు.

ఇదంతా ఖర్చుతో కూడిన పని కాదా అంటే, కొత్తగా పెట్టాల్సింది కొంచెమే. ఊళ్ళో క్లినిక్ ఉంది, అందులో నర్సింగ్ చదివిన ఆరోగ్య అధికారి పోస్టు ఉంది, 104 ఉంది, ఈ-సంజీవని ఉంది. ప్రభుత్వ సేవలను 2025 జనవరి నుంచి వాట్సాప్‌లో అందిస్తున్న ‘మన మిత్ర’ ఉంది. జనానికి వేలు తిరిగిన చోటు అదే, వేరే యాప్ దింపించనక్కర్లేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం, మగవాళ్ళు ఒడ్డునే ఉంటారు. బీపీ, షుగరు చూసి ఎవరికి ఏ మందో తేల్చి, ఒంట్లో తేడా వస్తే ఏ నంబరుకు ఎలా చెప్పాలో చూపించడానికి అంతకంటే మంచి కాలం లేదు. కావాల్సింది వీటన్నిటినీ ఒక హామీతో ముడివేయడం: లక్షణం చెప్పిన మనిషికి ఇంత సమయంలోగా, ఫలానా మనిషి నుంచి, అతని మాటల్లో జవాబు వస్తుంది అని.

అందుకే జిల్లా వైద్యాధికారులకూ, యాప్‌లు తయారుచేసే కుర్రాళ్ళకూ ఒక విన్నపం. ఉప్పాడలో యాప్‌ను ఆవిష్కరించే రోజుకు ముందే, అవతల జవాబిచ్చే నర్సు పేరు, ఆమె పలికే వేళలు, ఆమె లేనప్పుడు ఎవరు పలుకుతారన్నదీ క్లినిక్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. ఆ మూడూ రాయలేకపోతే ఆవిష్కరణ వాయిదా వేయండి.